వైద్యకళాశాల గడప ముందు మనస్తత్వశాస్త్రం



ఏటా నీట్ ఫలితాలు వెలువడిన తరువాత తిరుపతి, చిత్తూరు, మదనపల్లె ప్రాంతాల తల్లిదండ్రుల నుండి ఒకే విధమైన ప్రశ్న వినవస్తుంది. "మా అమ్మాయికి మెడికల్ సీటు రాలేదు. ఖాళీగా ఉండటమెందుకని డిగ్రీలో సైకాలజీ తీసుకున్నది. డిగ్రీ అయిపోయింది, సీటు మీద ఆశ మాత్రం పోలేదు. ఈ లోపల ఈ డిగ్రీతో ఏ ఉద్యోగం వస్తుంది డాక్టరు గారూ?"

ఈ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నవి. ఆ పట్టాకు విలువ ఎంత అనేది మొదటిది. సీటు కోసం నిరీక్షించే సంవత్సరాలు వృథాయేనా అనేది రెండవది. రెంటికీ సమాధానం చెప్పాలంటే వైద్యశాస్త్రానికీ మనస్తత్వశాస్త్రానికీ ఉన్న బంధుత్వాన్నీ, మన రాయలసీమలో ఈ రెండు చదువులు ఎదిగిన తీరునూ కొంత తెలుసుకోవలసి ఉంటుంది. అందుకే ఈసారి మందుల గురించి కాక చరిత్ర గురించి వ్రాస్తున్నాను.

వైద్యుల ఇంట పుట్టిన శాస్త్రం

మనస్తత్వశాస్త్రం తత్త్వశాస్త్రం నుండి పుట్టిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అది సగం నిజం. తక్కిన సగం వైద్యులది. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో తొలి మనస్తత్వ ప్రయోగశాలను నెలకొల్పిన విల్‌హెల్మ్ వుంట్ చదివినది వైద్యం. అమెరికాలో ఈ శాస్త్రానికి పునాది వేసిన విలియం జేమ్స్ 1869లో హార్వర్డ్‌లో వైద్య పట్టా పుచ్చుకున్నాడు గాని, ఏనాడూ రోగులను చూడలేదు. వైద్యుని శిక్షణతోనే ఆయన మనసును పరిశీలించాడు.

మన దేశంలోనూ కథ ఇంచుమించు ఇదే. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1915లో ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్ర పాఠ్యప్రణాళిక, ప్రయోగశాల మొదలయ్యాయి. 1916లో దేశంలోనే తొలి మనస్తత్వశాస్త్ర విభాగం ఏర్పడింది. ఆ కొత్త విభాగపు తరగతి గదిలో ఒక విచిత్రమైన విద్యార్థి ఉండేవాడు. ఆయన పేరు గిరీంద్రశేఖర్ బోస్. అప్పటికే వైద్య పట్టా ఉన్నది, రోగులున్నారు. అయినా మనోవ్యాధులను అర్థం చేసుకోవడానికి తన వైద్యవిద్య చాలదని తోచి, తిరిగి విద్యార్థిగా చేరి 1917లో మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. పూర్తి చేశాడు. 1922లో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు.

పాఠకులు ఒక విషయం గమనించాలి. నేడు మన పిల్లలు వైద్యం దొరకక సైకాలజీకి వస్తున్నారు. ఒక శతాబ్దం క్రితం ఆ వైద్యుడు చేతిలో ఉన్న వైద్యం చాలక సైకాలజీకి వచ్చాడు. దారి ఒక్కటే, నడిచిన దిశ మాత్రం వేరు.

దక్షిణాదిలో మైసూరు విశ్వవిద్యాలయం 1924లో ఈ శాస్త్రాన్ని ప్రారంభించింది. దానిని పెంచిన ఆచార్య ఎం.వి. గోపాలస్వామి లండన్‌లో శిక్షణ పొందినవారు. మైసూరులో ఆయన తన ఇంటి నుండి నడిపిన రేడియో కేంద్రానికే మొదట 'ఆకాశవాణి' అన్న పేరు వచ్చింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో 1943లో ఈ విభాగం వచ్చింది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో ఆచార్య కొనేరు రామకృష్ణారావు మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్రాల విభాగాన్ని నెలకొల్పారు. ఆయన తరువాత అదే విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు, పద్మశ్రీ అందుకున్నారు.

మన సీమలో సీటు చరిత్ర

ఇప్పుడు వైద్యవిద్య సంగతి చూద్దాం. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. ఆ తరువాత దాదాపు అర్ధశతాబ్దం పాటు ఇక్కడి బిడ్డ డాక్టరు కావాలంటే జిల్లా దాటి పోవలసిందే. మద్రాసు వైద్యకళాశాల 1835 నాటిది. విశాఖలోని ఆంధ్ర వైద్యకళాశాల 1923లో, గుంటూరు కళాశాల 1946లో, కర్నూలు కళాశాల 1957లో వచ్చాయి. చిత్తూరుకు కూతవేటు దూరంలో ఉన్న వేలూరులో ఐడా స్కడర్ 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాల ప్రారంభించారు. అక్కడ పురుషులకు ప్రవేశం లభించినది 1947లో మాత్రమే.

తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో, శ్రీవేంకటేశ్వర వైద్యకళాశాల 1960లో ఏర్పడటంతో పరిస్థితి మారింది. సేద్యం మీద, అందునా వాన మీద ఆధారపడిన కుటుంబాల పిల్లలకు వైద్యవిద్య మొదటిసారి బస్సు ప్రయాణమంత దగ్గరకు వచ్చింది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతాన్ని ఒక స్థానిక ప్రాంతంగా గుర్తించి, 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది. 1986లో ఎంసెట్ వచ్చింది. అదే సంవత్సరం విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1993లో స్విమ్స్ సేవలు ప్రారంభమయ్యాయి. 2014లో తిరుపతిలోనే మహిళల కోసం శ్రీపద్మావతి వైద్యకళాశాల వచ్చింది. 2017 నుండి మన రాష్ట్రంలోని సీట్లను నీట్ ర్యాంకుతో నింపుతున్నారు.

సీట్లు పెరిగాయి. కోరుకునేవారు అంతకంటె వేగంగా పెరిగారు. ఎంసెట్ కాలంలోనే మన భాషలోకి 'లాంగ్‌టర్మ్' అనే మాట స్థిరపడిపోయింది. ఇంటర్ తరువాత ఏడాది, రెండేళ్లు, కొందరికి మూడేళ్లు ఒకే పరీక్షకు ఒకే పుస్తకాలు తిరిగి తిరిగి చదవటం దాని అర్థం. 2022లో నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి తొలగిపోయింది. ఇది న్యాయమైన నిర్ణయమే. అయితే, పూర్వం వయస్సు వేసే గడువును ఇప్పుడు కుటుంబమే వేసుకోవలసి వస్తున్నది. గడువు లేని నిరీక్షణ మనసుకు ఏం చేస్తుందో వైద్యులందరికీ తెలుసు. నిద్ర చెడుతుంది, ఆకలి తగ్గుతుంది, తోటివారి పెళ్లిళ్లకు, ఊరి జాతరకు వెళ్లటం మానేస్తారు. "ఈ సంవత్సరం ఏం చేస్తున్నావమ్మా?" అన్న బంధువుల పలకరింపే భయపెడుతుంది.

ఈ నిరీక్షణలో ఒక డిగ్రీ చదవటం ఇక్కడ అదనపు బరువుగా కనబడుతుంది గాని, అన్ని దేశాలలోనూ అలా కాదు. అమెరికాలో ఏదో ఒక విషయంలో నాలుగేళ్ల పట్టా పొందిన తరువాతనే వైద్యకళాశాలలో చేరుతారు. ఆ పట్టా మనస్తత్వశాస్త్రంలో కావచ్చు. 2015 నుండి అక్కడి వైద్య ప్రవేశ పరీక్షలో మనస్తత్వ, సామాజిక అంశాలకు ప్రత్యేకంగా ఒక భాగమే కేటాయించారు. రోగి జబ్బునే గాక రోగినీ తెలుసుకోవాలన్నది దాని ఉద్దేశం. మన నీట్‌లో ఆ పట్టాకు ఒక్క మార్కు కూడా కలవదు. ఇక్కడ పరిగణించేది ఇంటర్‌లోని భౌతిక, రసాయన, జీవశాస్త్రాలనే. అందువలన ఆ చదువు వైద్యానికి మెట్టు అవుతుందనుకొని చేరటం సరికాదు. అది తనంతట తానుగా ఒక దారి.

తిరుపతి ఆచార్యులు చూపిన దారి

ఆ దారిని చూపినవారు మన తిరుపతిలోనే ఉన్నారు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్ర విభాగం దేశంలో పేరెన్నిక గన్నది. అక్కడి ఆచార్యులు ఎస్. నారాయణరావు కౌన్సెలింగ్ మీద ఆంగ్లంలో వ్రాసిన పాఠ్యగ్రంథం దేశమంతటా విద్యార్థుల చేతులలోకి వెళ్లింది. సలహా చెప్పటం పెద్దలందరూ చేసే పని. సలహా చెప్పకుండా, ఎదుటివాని మాట విని, వాని చేతనే వాని దారిని వెదికించటం నేర్చుకోవలసిన విద్య. ఆ తేడాను మన విద్యార్థులకు బోధించిన తరం అది.

అదే విభాగంలో ఆచార్య పి.వి. రామమూర్తి వృద్ధాప్య మనస్తత్వం మీద పరిశోధనను ఒక సంప్రదాయంగా నిలబెట్టారు. వృద్ధాప్య పరిశోధన కేంద్రం విశ్వవిద్యాలయంలో వెలిసింది. ఉమ్మడి కుటుంబమే అన్నీ చూసుకుంటుందని దేశం నమ్ముతున్న రోజులలోనే ముసలివారి ఒంటరితనాన్ని, వారిని చూసుకునే కోడళ్ల, కూతుళ్ల అలసటను శాస్త్రీయంగా పరిశీలించవలసిన విషయాలుగా ఈ పాఠశాల గుర్తించింది. నేడు పిల్లలు బెంగళూరు, చెన్నై, అమెరికాలలో ఉండగా పెద్దలు ఊళ్లలో మిగిలిపోయిన ఇళ్లు చిత్తూరు పల్లెలలో ఎన్ని లేవు! ఆ పరిశోధన ఎంత ముందుచూపుతో చేసినదో ఆ ఇళ్లను చూస్తే తెలుస్తుంది.

ఆసుపత్రిలోకి కుర్చీ ఎలా వచ్చింది?

పట్టా ఉంటే చాలదు, దానికి ఉద్యోగం ఉండాలి కదా. ఈ చరిత్ర కొంచెం ఆలస్యంగా మొదలైంది. 1946లో భోర్ కమిటీ దేశంలో మానసిక వైద్య సదుపాయాల దుస్థితిని వెల్లడించి, ఒక జాతీయ శిక్షణ సంస్థ అవసరమన్నది. దాని ఫలితంగా 1954లో బెంగళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. అదే 1974లో నిమ్‌హాన్స్ అయింది. మనస్తత్వశాస్త్ర విద్యార్థులకు రోగుల మధ్య శిక్షణ ఇచ్చే డిప్లొమా అక్కడ 1955లో మొదలై, తరువాత రెండేళ్ల ఎం.ఫిల్.గా మారింది. చిత్తూరు నుండి నాలుగైదు గంటల దూరంలో ఉన్న ఈ సంస్థ మన ప్రాంతపు రోగులకే గాక విద్యార్థులకూ ఆశాకేంద్రమైంది.

తెలుగునేల మీద 1984లో సికింద్రాబాదులో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వచ్చింది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల సామర్థ్యాన్ని పరీక్షించటం, తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వటం మనస్తత్వశాస్త్ర పట్టభద్రులకు వృత్తి అయ్యాయి. 1992 నాటి పునరావాస మండలి చట్టం ఆ వృత్తికి రిజిస్ట్రేషన్ తెచ్చింది.

అయినప్పటికీ సామాన్య ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ పట్టభద్రునికి మొదట కుర్చీ వేసినది పిచ్చాసుపత్రి కాదు, హెచ్.ఐ.వి. కార్యక్రమమని నా అభిప్రాయం. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం ప్రారంభమైంది. పరీక్షకు ముందు మాట్లాడాలి, పరీక్ష తరువాత మాట్లాడాలి, ఫలితాన్ని రహస్యంగా ఉంచాలి అన్న నియమాలు వచ్చాయి. ఆ పనికి మనస్తత్వశాస్త్రం, సమాజసేవ వంటివి చదివినవారిని కౌన్సెలర్లుగా తీసుకున్నారు. రక్తపరీక్ష చీటీ ఇచ్చే ముందు రోగితో అరగంట కూర్చునే మనిషి ఆసుపత్రిలో ఉండటం మా తరం వైద్యులకు కొత్త. ఓ.పి.లో ఒక్కో రోగికి మూడు నిమిషాలు కూడా ఇవ్వలేని మాకు ఆ అరగంట విలువ త్వరలోనే అర్థమైంది. మందులు వదలకుండా వాడినవారిలో చాలామంది వెనుక ఆ అరగంట ఉన్నది.

అంతకు ముందే 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలయ్యాయి. వీటి బృందాలలో సైకాలజిస్టుకు స్థానం ఉన్నది. కుటుంబ న్యాయస్థానాలలో, బాలల సంరక్షణ గృహాలలో, లైంగిక వేధింపులకు గురైన పిల్లల కేసులలో, మద్యవ్యసన విముక్తి కేంద్రాలలో, ప్రత్యేక పాఠశాలలలో కూడ వీరి అవసరం ఏర్పడింది. నిమ్‌హాన్స్ నిర్వహించిన 2015-16 జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవారిలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. ఆయా సమస్యలను బట్టి వారిలో 70 నుండి 92 శాతం మందికి చికిత్స అందటం లేదు. ఇంత ఖాళీ ఉన్న వైద్య విభాగం మరొకటి లేదు.

2025లో వచ్చిన తీర్పు

ఈ రెండు చరిత్రలు ఇటీవల ఒక విషాదం దగ్గర కలిశాయి. 2023 జులైలో విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణించింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జులై 25న న్యాయస్థానం దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించటమే గాక, విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలను జారీ చేసింది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థ, శిక్షణ కేంద్రం, అర్హత గల ఒక కౌన్సెలరునో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో నియమించుకోవాలన్నది వాటిలో ఒకటి. మార్కులను బట్టి విద్యార్థులను వేర్వేరు బ్యాచీలుగా విడదీయరాదని, నలుగురిలో అవమానించరాదని కూడ చెప్పింది.

దీని అర్థం ఆలోచించండి. మీ అమ్మాయి ఏ తరగతి గదిలో సీటు కోసం నిరీక్షించిందో, అదే సంస్థకు నేడు ఆమె చదివిన చదువు అవసరమైంది. లాంగ్‌టర్మ్ బాధ ఎలాంటిదో పుస్తకంలో కాక అనుభవంలో తెలిసిన మనిషి, తగిన శిక్షణ కూడ పొందితే, అక్కడి పిల్లలకు ఎంత మేలు చేయగలదో చెప్పనక్కరలేదు.

పట్టా విలువ, దాని హద్దు

'తగిన శిక్షణ' అన్న మాటను నేను ఊరక వాడలేదు. ఇక్కడనే చాలా కుటుంబాలు మోసపోతున్నవి. కనుక స్పష్టంగా చెబుతాను.

కేవలం డిగ్రీలో సైకాలజీ చదివినవారు చికిత్సకులు కారు. పాఠశాలలలో, స్వచ్ఛంద సంస్థలలో, ఆసుపత్రి కార్యక్రమాలలో సహాయక ఉద్యోగాలకు, మానవ వనరుల విభాగాలకు, పరిశోధన సర్వేలకు అర్హులు. బి.ఇడి. చేసి ప్రత్యేక విద్యలోకి పోవచ్చు. గ్రూప్స్ వంటి పోటీ పరీక్షలకు ఏ డిగ్రీ అయినా చాలు. సివిల్స్ మెయిన్స్‌లో సైకాలజీ ఒక ఐచ్ఛిక విషయం కూడా.

ఎం.ఏ. లేదా ఎం.యస్సీ. పూర్తయితే కౌన్సెలర్ ఉద్యోగాలు తెరుచుకుంటాయి. అయితే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం 'క్లినికల్ సైకాలజిస్టు' అనిపించుకోవటానికి ఎం.ఏ. చాలదు. పునరావాస మండలి గుర్తించిన, రోగుల మధ్య పర్యవేక్షణలో జరిగే శిక్షణ ఉండాలి. ఆ శిక్షణ ఉన్నా మందులు వ్రాసే అధికారం లేదు. అది మానసిక వైద్యునిది. నాలుగు వారాంతాల కోర్సు చేసి బోర్డు కట్టుకున్నవారిని చూసి, అదే వృత్తి అనుకోవద్దు.

2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చింది. దానిని అనుసరించి 2025 నుండి మనస్తత్వశాస్త్రాన్ని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో కొత్తగా నేర్పరాదని యు.జి.సి. ఆదేశించింది. ఇంట్లో నీట్‌కు చదువుకుంటూ దూరవిద్యలో ఎం.ఏ. కట్టేద్దాం అనుకునేవారు ఈ సంగతి తెలుసుకొని ముందుకు పోవాలి.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు

మొదటిది: నీట్ ప్రయత్నాలకు గడువు వేయండి. ఆ గడువును మీరు కాక బిడ్డయే నిర్ణయించుకొని, కాగితం మీద తేదీ వ్రాసుకోవాలి.

రెండవది: నిరీక్షణ కాలంలో వారానికి కొన్ని గంటలైనా మనుషుల మధ్య పని ఉండాలి. ప్రత్యేక పాఠశాలలోనో, వృద్ధాశ్రమంలోనో, ఆసుపత్రి సహాయ కేంద్రంలోనో చేసిన సేవ రేపు ఎం.ఏ.కు పనికివస్తుంది. వైద్యకళాశాలలో సీటు వచ్చినా పనికివస్తుంది. రోగితో మాట్లాడటం తెలిసిన మొదటి సంవత్సరం విద్యార్థి అరుదు.

మూడవది: "సైకాలజీయే కదా" అన్న మాట ఇంట్లో ఎవరూ అనకూడదు. వుంట్, జేమ్స్, బోస్ వంటి వైద్యులు ఎంచి చేపట్టిన శాస్త్రం అది. దానిని ఓడిపోయినవారి చదువుగా మార్చినది మనమే. ఆ చులకన వలన ఆ బిడ్డ రెండు నష్టాలు మోస్తుంది. రాని సీటును తలచుకొని బాధపడుతుంది, వచ్చిన చదువును మనసు పెట్టి చదవదు. మనసు పెట్టని సైకాలజిస్టు దగ్గరకు రేపు వెళ్లేది మన పిల్లలే.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: బిడ్డ మాట్లాడటం తగ్గించినా, నిద్రాహారాలు మానినా, "నేను లేకుంటే మీకు భారం తప్పుతుంది" వంటి మాట ఒక్కసారి అన్నా, ఫలితాల దాకా ఆగకండి. ఒంటరిగా వదలకండి, తిట్టకండి, దగ్గర కూర్చుని వినండి, ఆ రోజే వైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్లండి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు రాత్రింబవళ్లు ఎప్పుడైనా, ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. ఆ ఫోను మొదట ఎత్తేది శిక్షణ పొందిన ఒక కౌన్సెలర్. వారిలో కొందరు, ఒకప్పుడు మీ బిడ్డలాగే మరొక సీటు కోసం ఎదురుచూసినవారై ఉండవచ్చు.